మీకు తెలుసా? బొమ్మలు పెట్టెలోకి ఎలా తిరిగొస్తాయో!

పిల్లల గదికి ఇంటీరియర్ వాళ్లు కంప్యూటర్లో గీసి చూపించే బొమ్మ భలే ముచ్చటగా ఉంటుంది. లేత రంగు గోడలు, పైకప్పు దాకా అరలు, పై అరలో వరసగా టెడ్డీలు. ఆ పై అర అందాలంటే నాన్నకే స్టూలు కావాలి. మూడేళ్లవాడికి ఆ గది మొత్తంలో అందేది నేల ఒక్కటే, కాబట్టి వాడి సామానంతా నేల మీదే ఉంటుంది. తర్వాత తిట్లు కూడా వాడికే. అరకు ఏ రంగు వేయించాలన్నది తర్వాత చూసుకోవచ్చు. ఆడిన వస్తువును పిల్లవాడు తన చేత్తో తిరిగి పెట్టగలడా లేదా అన్నదే ముందు తేల్చుకోవాలి. దీని గురించి రెండు శతాబ్దాలుగా బుర్రలు బద్దలు కొట్టుకున్నవాళ్లున్నారు. మన అమ్మమ్మలేమో బుర్ర బద్దలు కొట్టుకోకుండానే కొన్ని ఉపాయాలు కనిపెట్టారు.

డబ్బా మూసేదాకా ఆట అయిపోయినట్టు కాదు

కిండర్‌గార్టెన్‌కు ఆద్యుడు జర్మనీకి చెందిన ఫ్రెడరిక్ ఫ్రోబెల్. 1837లో బాడ్ బ్లాంకెన్‌బుర్గ్ అనే చిన్న ఊళ్లో పిల్లల కోసం తన పని మొదలుపెట్టాడు. ఆయన తయారుచేసిన ఆటవస్తువులకు 'కానుకలు' అని పేరు. మూడో కానుక చూడండి: జారుడు మూత ఉన్న చిన్న చెక్క డబ్బా, లోపల అంగుళం కొలత ఉన్న ఘనాలు ఎనిమిది. డబ్బాను బల్ల మీద బోర్లించాలి, మూతను పక్కకు లాగేయాలి, డబ్బాను నిటారుగా పైకెత్తాలి. ఎనిమిది ముక్కలూ చెదరకుండా ఒకే పెద్ద ఘనంలా నిలబడతాయి. ఆ తర్వాత వాటితో కుర్చీ కడతారా, గోడ కడతారా పిల్లల ఇష్టం. ఆట ముగిశాక మాత్రం మళ్లీ ఆ పెద్ద ఘనం కట్టి, డబ్బా బోర్లించి, అడుగున మూత తోసి, తిప్పి పెట్టాలి. అంటే సర్దడం కూడా ఆటలో కట్టాల్సిన ఆఖరి కట్టడమే. ఒక్క ముక్క తగ్గినా ఘనం కుదరదు కాబట్టి సోఫా కింద దూరి వెతికే పని కూడా పిల్లవాడిదే అవుతుంది. అమెరికన్ వాస్తుశిల్పి ఫ్రాంక్ లాయిడ్ రైట్‌కు వాళ్లమ్మ 1876 నాటి ఫిలడెల్ఫియా ప్రదర్శనలో ఈ కానుకలను చూసి కొనిచ్చింది. ఆ చెక్క ముక్కల గురించి ఆయన పెద్దయ్యాక ఆత్మకథలో ప్రత్యేకంగా రాసుకున్నాడు.

మన వామనగుంటల పీటలోనూ ఇదే తెలివి ఉంది. ఒక్కో వైపు ఏడు చొప్పున పద్నాలుగు గుంటలు. మధ్యలో బందులుండే రకమైతే ఆట అయ్యాక పీటను పుస్తకంలా మూసేయొచ్చు, చింతపిక్కలు లోపలే ఉండిపోతాయి. ఆటవస్తువే దాని డబ్బా. బొమ్మ కొనేటప్పుడు అది ఏ పెట్టెలో వస్తోందో కూడా చూడండి. ఒకసారి చింపితే మళ్లీ మూతపడని అట్టపెట్టెలో యాభై ముక్కల బొమ్మ తెచ్చుకుంటే, దానికి డబ్బా వెతికే పని మీకు పడినట్టే.

తాళం వేయడం మరిచిపోయిన టీచరు

మరియా మాంటిస్సోరి రోమ్ నగరంలోని సాన్ లొరెంజో అనే పేదల పేటలో తన మొదటి 'పిల్లల ఇల్లు' తెరిచింది 1907 జనవరి 6న. తొలిరోజుల్లో అక్కడా సామానంతా బీరువాలో పెట్టి తాళం వేసేవాళ్లు. తీసి పంచడం, తిరిగి లోపల పెట్టడం టీచరు పని. ఒకరోజు టీచరు తాళం వేయడం మరిచిపోయింది, పైగా కాస్త ఆలస్యంగా వచ్చింది. వచ్చి చూస్తే పిల్లలు బీరువా తెరిచి తమకు కావలసినవి తీసుకుంటున్నారు. టీచరుకు అది దొంగతనంలా కనిపించింది. మాంటిస్సోరికి మాత్రం, ఏది కావాలో ఎంచుకునేంతగా పిల్లలకు ఆ వస్తువులతో పరిచయం ఏర్పడిందని తోచింది. ఆ తర్వాత పిల్లలకు అందేలా పొట్టి బీరువాలు పెట్టించింది. ఇప్పుడు మన షాపుల్లో 'మాంటిస్సోరి షెల్ఫ్' పేరుతో అమ్ముతున్న చెక్క అరల వెనక కథ ఇదీ.

ఆవిడ 1939లో మద్రాసు అడయార్‌కు వచ్చి ఉపాధ్యాయులకు శిక్షణ ఇచ్చింది. ఇంతలో ఇటలీ రెండో ప్రపంచ యుద్ధంలోకి దిగి బ్రిటన్‌కు శత్రుదేశం అయింది. దాంతో ఆవిడ కొన్నేళ్లు ఇక్కడే ఉండిపోవాల్సి వచ్చింది, అందులో కొంతకాలం కొడైకెనాల్‌లో గడిచింది.

కొలతల మాటకొస్తే, ప్రపంచ ఆరోగ్య సంస్థ పట్టికల ప్రకారం మూడేళ్లకు సగటు ఎత్తు 95 సెంటీమీటర్ల చిల్లర, అయిదేళ్లకు 110 దగ్గర. కాబట్టి నేల నుంచి రెండున్నర అడుగుల దాకా తలుపుల్లేని అరలు వదలమని కార్పెంటర్‌కు చెప్పండి. ఆపైన తలుపులు పెట్టించి అది మీరే వాడుకోండి. మాంటిస్సోరి బడుల్లో మరో పద్ధతుంది: ఒక పనికి ఒక ట్రే, ఆ పనికి కావలసినవన్నీ అందులోనే. ఇంట్లో దీనికోసం కొత్తగా ఏమీ కొననక్కర్లేదు. మూలన పడి ఉన్న స్టీలు పళ్లేలు, పోపుల డబ్బా చాలు. ఏడు గిన్నెల పోపుల డబ్బాను మించిన పూసల డబ్బా ఏ ఆన్‌లైన్ షాపులోనూ నాకు కనిపించలేదు.

పదహారు బొమ్మల కన్నా నాలుగే ఎక్కువ

అమెరికాలోని టొలీడో విశ్వవిద్యాలయం వాళ్లు ఏడాదిన్నర నుంచి రెండున్నరేళ్ల లోపు పిల్లలు 36 మందిని గమనించారు. ఒకసారి ఒక్కొక్కరి ముందు నాలుగు బొమ్మలు, మరోసారి పదహారు పెట్టారు. 2018లో అచ్చయిన ఆ పరిశోధన చెప్పిందేమంటే, నాలుగే ఉన్నప్పుడు పిల్లలు ఒక్కో బొమ్మతో ఎక్కువసేపు, ఎక్కువ రకాలుగా ఆడారు. పదహారు ఉన్నప్పుడు ఒకదాన్ని పట్టుకుని వెంటనే మరోదాని మీదికి పోయారు.

అలాగని మిగతా పన్నెండూ పారేయమని కాదు. కొన్ని బయట పెట్టి, కొన్ని దాచి, రెండు మూడు వారాలకోసారి మార్చుకుంటే సరిపోతుంది. దీన్ని విదేశీ పత్రికలు పెద్ద కిటుకులా రాస్తుంటాయి. బొమ్మల కొలువు పెట్టే ఇళ్లలో ఇది ఎప్పట్నుంచో ఉన్న పద్ధతి. కోస్తాలో చాలా ఇళ్లలో సంక్రాంతికి, కొన్ని చోట్ల దసరాకు అటక మీంచి ట్రంకు పెట్టెలు దిగుతాయి. పాత పంచె ముక్కల్లో చుట్టిన బొమ్మలు ఒక్కొక్కటే బయటికి వస్తాయి. ఏడాదంతా కళ్లబడని చెట్టియారు, పెళ్లికూతురు, పెళ్లికొడుకు, రైతు ఎడ్లబండి మళ్లీ కొత్తవైపోతాయి. ఇంకో తమాషా ఉంది. బొమ్మలు తీసేశాక ఖాళీ అయిన ఆ పెట్టెల్నే ఒకదాని మీద ఒకటి పేర్చి, పైన చెక్కలు వేసి, తెల్లపంచె పరిస్తే మూడో అయిదో ఏడో మెట్లు తయారు. దాచే పెట్టే చూపించే అర అవుతుంది. కొలువు ఎత్తేసే రోజున అదే పెట్టెలోకి, అదే గుడ్డలో చుట్టి, బరువైనవి అడుగున పెట్టి సర్దుతారు. ఏ బొమ్మ పక్కన ఏది పడుకోవాలో ఇంట్లో పిల్లలకు కూడా తెలుసు.

ఏటికొప్పాక, కొండపల్లి బొమ్మల్ని ఒకే బుట్టలో వేయకూడదు

అనకాపల్లి జిల్లాలో వరాహ నది ఒడ్డున ఉంది ఏటికొప్పాక. అక్కడి బొమ్మకు అంకుడు కర్ర వాడతారు. లేత్ మీద కర్ర తిరుగుతుండగా రంగు కలిపిన లక్క కడ్డీని ఒత్తిపడతారు. రాపిడి వేడికి లక్క కరిగి కర్రను అంటుకుంటుంది. అంచుల్లేకుండా గుండ్రంగా, నున్నగా వస్తుంది కాబట్టి చంటిపిల్లల చేతికి ఇవ్వడానికి బాగుంటుంది. సహజ రంగులతో చేసినవైతే మరీ మంచిది. ఈ రంగుల మీద ఏళ్ల తరబడి పనిచేసిన సి.వి. రాజుకు 2023లో పద్మశ్రీ వచ్చింది. వేడికి కరిగి అంటిన పూత కదా, ఈ బొమ్మలున్న బుట్టను ఎండపడే కిటికీ కింద పెట్టకండి.

కొండపల్లి బొమ్మ వేరే జాతి. తెల్ల పొణికి కర్ర దూదిలా తేలిక. కాళ్లు, చేతులు, తల విడివిడిగా చెక్కి, చింతపిక్కల పొడి, రంపపు పొట్టు కలిపిన మక్కుతో అతికి, పైన రంగులు వేస్తారు. తడి తగిలినా, లక్క బొంగరం వచ్చి గుద్దినా చెయ్యి ఊడుతుంది. దానికి అర కావాలి, బుట్ట పనికిరాదు. తుడిస్తే పొడిగుడ్డతోనే.

కలరా ఉండలు బొమ్మల పెట్టెలో వద్దు

ట్రంకు పెట్టె అనగానే చాలామంది చెయ్యి నాఫ్తలిన్ ఉండల మీదికి పోతుంది. అవి తెల్లగా, గుండ్రంగా, మిఠాయిల్లా ఉండడం ఒక ప్రమాదం. జి6పీడీ అనే ఎంజైము తక్కువగా ఉన్న పిల్లల్లో నాఫ్తలిన్ వల్ల ఎర్ర రక్తకణాలు పగిలిపోవడం మరో ప్రమాదం. అలాంటి లోపం ఉందని చాలా ఇళ్లలో ముందుగా తెలియదు. నీడన ఆరబెట్టిన వేపాకును గుడ్డసంచిలో కట్టి వేయండి, అప్పుడప్పుడు మారుస్తుండండి. మెత్తటి బొమ్మల్లో చేరే ధూళి పురుగులకైతే వేడినీళ్ల ఉతుకు మందు. ఉతకలేని టెడ్డీని కవర్లో చుట్టి ఒక రోజంతా ఫ్రీజర్లో పెట్టినా పురుగులు చస్తాయి. తర్వాత బాగా దులపాలి, ఎందుకంటే ఎలర్జీ తెచ్చే మురికి మాత్రం అక్కడే ఉంటుంది. ఫ్రీజర్లో చికెన్ పక్కన టెడ్డీని చూసి అత్తగారు ఏమంటారో నేను పూచీ పడలేను.

మూత బరువుగా ఉందా?

పాత ఇళ్లలో భోషాణం ఉండేది. దాగుడుమూతలకు అంతకన్నా మంచి చోటు పిల్లలకు కనిపించదు. భయమంతా అక్కడే. బొమ్మల పెట్టె చేయిస్తే మూత ఎక్కడ వదిలితే అక్కడే ఆగే బందులు పెట్టించండి, గాలి ఆడే కంతలు కొట్టించండి, గొళ్లెం మాత్రం పెట్టించకండి. ఇంకా చెప్పాలంటే మూతే అక్కర్లేదు. లోతైన పెట్టెలో అడుగున ఉన్న కారు కోసం పైనవన్నీ గుమ్మరించడం తప్ప పిల్లవాడికి వేరే దారి లేదు. లోతు జానెడు చాలు.

సొరుగులంటే పిల్లలకు మెట్లు

2016లో ఐకియా సంస్థ ఒక్క అమెరికాలోనే దాదాపు 2.9 కోట్ల సొరుగుల బీరువాలను వెనక్కి పిలిచింది. గోడకు బిగించకపోతే అవి పిల్లల మీద పడుతున్నాయని తేలింది. 2022 డిసెంబరులో అక్కడ దీనికోసం చట్టమే వచ్చింది. సంగతి చిన్నదే: పిల్లవాడు కింది నుంచి ఒక్కో సొరుగూ లాగి మెట్లెక్కినట్టు ఎక్కుతాడు. సొరుగులన్నీ ముందుకొచ్చేసరికి బరువు ముందుకు జరిగి బీరువా ఒరుగుతుంది. ఒక ఎల్-బ్రాకెట్, రెండు స్క్రూలు, డ్రిల్లింగ్ మెషిన్ ఉన్న ఎలక్ట్రీషియన్ కావాలి, అరగంట పని. అద్దె ఇల్లని వాయిదా వేయకండి, ఖాళీ చేసేటప్పుడు ఆ కంతలు పుట్టీతో పూడ్చుకోవచ్చు. బరువైనవి కింది అరలో పెట్టండి. ఎక్కడానికి ఊరించే చాక్లెట్ డబ్బా, టీవీ రిమోటు బీరువా నెత్తిన పెట్టకండి.

పై అరకు తగినవి రెండే రెండు

మూడేళ్ల లోపు పిల్లల బొమ్మల్లో చిన్న ముక్కలున్నాయేమో చూడడానికి ప్రయోగశాలల్లో ఒక గొట్టం వాడతారు. దాని వ్యాసం 31.7 మిల్లీమీటర్లు. అందులో పూర్తిగా ఇమిడిపోయేది ఏదైనా గొంతులో అడ్డుపడే రకమే. మన పది రూపాయల బిళ్ల 27 మిల్లీమీటర్లు, హాయిగా పట్టేస్తుంది. అన్నయ్యకు ఎనిమిదేళ్లు, చెల్లికి ఏడాదిన్నర ఉన్న ఇంట్లో గొడవ ఇదే. అన్నయ్య బొమ్మల్లో సగం ఆ గొట్టంలో పడతాయి. కాబట్టి అన్నయ్య చిన్న ముక్కలు మొదటివి. రెండోది బటన్ సెల్ పెట్టిన బొమ్మలు. మింగిన సెల్ అన్నవాహికలో ఇరుక్కుంటే రెండు గంటల్లోనే లోపల కాలిపోవచ్చు. సెల్ మూతకు స్క్రూ లేని బొమ్మను ఇంట్లోకే రానివ్వకండి. 2021 జనవరి 1 నుంచి మన దేశంలో అమ్మే బొమ్మలకు ఐఎస్ఐ గుర్తు తప్పనిసరి. తిరనాళ్లలో కొనే లైటు వెలిగే ఉంగరం మీద ఆ గుర్తు వెతికి చూడండి ఒకసారి.

వెన్ను లేని పుస్తకాలు

తెలుగు పిల్లల పుస్తకాలు చాలామటుకు పలచన, మధ్యలో రెండు పిన్నులు. అరలో నిలబెడితే పేరు కనిపించదు, ఎందుకంటే పేరు అచ్చేయడానికి వెన్నే ఉండదు. కనపడని పుస్తకాన్ని ఎవరు తీస్తారు? అందుకే ఒకప్పుడు చందమామ సంచికల్ని ఏడాదికోసారి బైండు చేయించి, వెన్ను మీద సంవత్సరం వేయించి దాచుకునేవాళ్లు. ఇప్పుడు బైండింగు చేసేవాళ్లను వెతకాలి గానీ బడ్డీకొట్టు పద్ధతి మనకుండనే ఉంది. గోడకు రెండు మేకులు, మధ్యన గట్టి దారం, బట్టల క్లిప్పులు. అట్ట బయటికి కనిపించేలా ఎనిమిదో పదో పుస్తకాలు వేలాడదీయండి, వారానికోసారి మార్చండి.

ఆరు ఇటుకలు, 91 కోట్ల రకాలు

రెండు వరసల్లో ఎనిమిది బొడిపెలున్న ఒకే రంగు లెగో ఇటుకలు ఆరు తీసుకుంటే 91,51,03,765 రకాలుగా అతకొచ్చు. 1958 జనవరి 28న డెన్మార్క్‌లో పేటెంటుకు దరఖాస్తు చేసిన ఇటుక అది. అప్పటి ముక్క ఇప్పటిదానికి కూడా సరిపోతుంది. తాతయ్య డబ్బా మనవడి డబ్బాలో కలిసిపోతుందన్నమాట. వీటిని రంగుల వారీగా సర్దితే ఫొటోకు బాగుంటుంది, ఆటకు బాగుండదు. ఎర్రటి కుప్పలో ఎర్రటి చిన్న ముక్కను వెతికి చూడండి, తెలుస్తుంది. ఆకారం వారీగా వేస్తే రంగును కన్నే పట్టేస్తుంది. అసలు చిన్నపిల్లలున్న ఇంట్లో ఆ విభజనలేమీ వద్దు. పాత నూలు దుప్పటి పరిచి దాని మీదే ఆడమనండి, అయ్యాక నాలుగు మూలలూ కలిపి మూట కట్టండి.

ముక్క బొమ్మ ముక్క దగ్గరే

న్యూయార్కు టీచరు కరోలిన్ ప్రాట్ చేసిన చెక్క దిమ్మెల మందం, వెడల్పు, పొడవు 1:2:4 లెక్కలో ఉంటాయి. రెండు చతురస్రాలు కలిస్తే ఒక దిమ్మె, రెండు దిమ్మెలు కలిస్తే ఒక పెద్ద దిమ్మె. ప్రపంచమంతా బడుల్లో వాడుతున్నా ఆవిడ వాటికి పేటెంటు తీసుకోలేదు. ఇలాంటి దిమ్మెలు సర్దే అరల్లో ప్రతి అర మీదా ఆ దిమ్మె ఆకారాన్ని కాగితంతో కత్తిరించి అంటిస్తారు. చదవడం రాకపోయినా ఏది ఎక్కడికి వెళ్లాలో తెలిసిపోతుంది. వంటల రచయిత్రి జూలియా చైల్డ్ వంటింటి గోడకు కూడా భర్త పాల్ ప్రతి గిన్నె చుట్టూ గీత గీసిపెట్టాడు. ఆ వంటగది ఇప్పుడు వాషింగ్టన్‌లోని స్మిత్సోనియన్ మ్యూజియంలో ఉంది. మనం ఫోనులో ఫొటో తీసి, ప్రింటు వేసి, డబ్బాకు అంటిస్తే చాలు. ఆ ఫొటోను పిల్లవాడినే అంటించమనండి.

గోడ ఎక్కువ మాట్లాడకూడదు

కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయం వాళ్లు 2014లో 24 మంది కిండర్‌గార్టెన్ పిల్లలకు రెండు రకాల గదుల్లో పాఠాలు చెప్పించారు. బొమ్మలతో నిండిన గోడల మధ్య పాఠం విన్నప్పుడు పరీక్షలో 42 శాతం సరిగ్గా చెప్పారు, ఖాళీ గోడల మధ్య విన్నప్పుడు 55 శాతం. అది తరగతి గది, ఆట గదికి అదే లెక్క వేయనక్కర్లేదు. కానీ గోడనిండా కార్టూన్ వాల్‌పేపరు, నేలనిండా రంగుల మ్యాటు, దాని మీద రంగురంగుల డబ్బాలు ఉంటే వాటి మధ్య బొమ్మ ఎక్కడుందో నాకే కనిపించదు. డబ్బాలు, గోడలు ఒకే లేతరంగులో ఉండనీయండి, రంగులు బొమ్మలవే చాలు. మేదరి వెదురు బుట్టలు, తాటాకు బుట్టలు ఇందుకు బాగా అమరుతాయి. అంచున పుల్లలు గుచ్చుకోకుండా గుడ్డ కుట్టించుకోవాలి. మెత్తటి బొమ్మలకు మూలన ఒక ఉట్టి కట్టండి, పిల్లల చేతికందే ఎత్తులో.

మట్టిముద్ద అసలు ఉద్యోగం వేరు

ప్లే-డో మొదట సిన్సినాటీలో గోడల వాల్‌పేపరుకు పట్టిన బొగ్గు మసి తుడిచే ముద్ద. 1956లో బొమ్మల షాపుకెక్కింది. పిండి, నీళ్లు, ఉప్పే కదా, గాలి తగిలితే ఎండిపోతుంది. ఊరగాయకు వాడే గట్టి మూత సీసాలు పనికొస్తాయి, గాజువి కాకుండా.

ముద్దకు ఆరితే ముప్పు, స్నానాల బొమ్మకు ఆరకపోతే ముప్పు. నొక్కితే నీళ్లు చిమ్మే రబ్బరు బాతుల లోపల బూజు, బాక్టీరియా దట్టంగా పేరుకుంటాయని 2018లో స్విస్, అమెరికన్ పరిశోధకులు చూపించారు. బాత్రూంలో వలసంచిలో వేలాడదీస్తే బయట ఆరుతుంది, లోపల ఆరదు. కంత లేని బాతును కొనండి.

బొమ్మల లైబ్రరీకి తొంభై ఏళ్లు

2001 నుంచి 2005 దాకా లాస్ ఏంజెలెస్‌లో 32 మధ్యతరగతి ఇళ్లను పరిశోధకులు గది గదీ లెక్కపెట్టారు. ప్రపంచంలోని పిల్లల్లో 3.1 శాతమే అమెరికాలో ఉంటే, బొమ్మల్లో 40 శాతం అక్కడే కొంటున్నారని ఆ పనిలోంచి వచ్చిన పుస్తకం రాసింది. అదే లాస్ ఏంజెలెస్‌లో 1935 నుంచీ పుస్తకాల్లా బొమ్మలు అరువిచ్చే ఏర్పాటు ఉండడం విడ్డూరం. మన అపార్ట్‌మెంట్లలో క్లబ్‌హౌసులో ఒక బీరువా, ఒక రిజిస్టరు పెట్టుకుంటే ఇది నడుస్తుంది. పుట్టినరోజులకు వచ్చిన ఒకే రకం బొమ్మలు నాలుగేసి ఉన్న ఇళ్లు ప్రతి బ్లాకులోనూ ఉంటాయి.

ఇంతా చేశాక కూడా ఇల్లు చెదిరే ఉంటే బెంగపడకండి. సర్దుడుకు ప్రపంచానికే గురువనిపించుకున్న మేరీ కొండో, మూడో బిడ్డ పుట్టాక ఇల్లు అంతలా సర్దడం ఒకరకంగా మానేశానని 2023లో చెప్పింది. ఆ వార్త చదివిన తల్లులు ఎంత ఊపిరి పీల్చుకున్నారో!

సగం కట్టిన కోట సంగతి

దీనికి మాత్రం ఏ షాపులోనూ డబ్బా దొరకదు. రాత్రి తొమ్మిదయింది, కోట సగమే అయింది, రేపు బడి నుంచి వచ్చి మిగతాది కడతానంటాడు. కూల్చి సర్దమంటే ఏడుపు, వదిలేస్తే కాలికింద పడుతుంది. మాంటిస్సోరి బడుల్లో అయితే సగమైన పని దగ్గర పేరు రాసిన చీటీ పెట్టి వెళ్లొచ్చు, దాన్ని ఎవరూ ముట్టుకోరు. ఇంట్లో ఒక ప్లైవుడ్ పలక తీసుకోండి, రెండడుగుల చదరం చాలు. నాలుగు మూలలా చిన్న చక్రాలు, చుట్టూ అంగుళం ఎత్తు పట్టీ వేయించండి. కట్టడాలన్నీ దాని మీదే కట్టమనండి. పొట్టివైతే రాత్రికి మంచం కిందికి తోసేయండి, ఎత్తుగా లేచినవైతే గది మూలకు. పొద్దున ఊడ్చడానికి వచ్చే అమ్మకు ఈ సంగతి ముందే చెప్పి ఉంచండి.